రెప్పపాటు పని

“ఫొటోనే కదా ఉషా, ఆ రాకేష్‌నే తీసి వాట్సాప్‌ల పెట్టమను,” అన్నారు మా ఆయన ఉమేష్, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా పక్కనుంచి టీ అందుకుంటూ. రాకేష్ మా ల్యాబులో నా జూనియర్.

రేపు హైదరాబాద్‌లో, యూనివర్సిటీ ల్యాబులో మొదటి షాట్. ఉక్కు గదిలో పలచని వాయువు నింపి, దాచిపెట్టిన కరెంటంతా ఒక్కసారిగా అందులోకి వదులుతాం. అది ప్లాస్మాగా మారి, సన్నటి పోగులా నలిగి, కంటికి కనబడని ఎక్స్‌రేలు చిమ్ముతుంది. సూదిమొన కంటే చిన్న రంధ్రంలోంచి వాటిని పట్టి, ప్లాస్మా ఎక్కడ ఎక్కువ మండుతోందో బొమ్మ కట్టే కెమెరా నాది. మిర్యాలగూడలోని ఈ వంటింటికీ ఆ ల్యాబుకీ మధ్య బస్సుల్లో తిరుగుతూ తయారు చేసుకున్నాను. ఆ రంధ్రం కుదిరిన రోజు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కామె అనుమానంగా జరిగి కూర్చుంది.

రేపే మా రైసుమిల్లులో కొత్త బాయిలర్‌కు పూజ. నలభై మందికి భోజనాలు. ప్రొఫెసర్ గారు కూడా ఫోన్ చేసి, ఇంట్లో ఇబ్బందైతే రావద్దులేమ్మా, రాకేష్ చూసుకుంటాడు అన్నారు. నా ఇబ్బంది మీద అందరికీ ఎంత దయో! ఒక్కరూ ఒక్క చిక్కుడుకాయ ఒలిచిన పాపాన పోలేదు. నా కెమెరా తొలి బొమ్మను నాకంటే ముందు ఇంకొకరు చూస్తారంటే ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

“ఇంతకూ ఆ వెలుగు ఎంతసేపు ఉంటది?” అన్నారు మా ఆయన.

“రెప్పపాటు కూడా ఉండదు.”

“గా రెప్పపాటు పనికి రెండ్రోజులు పోతవా?”

“రేపు మీ చుట్టాలు ఎంతసేపు తింటరు?”

“ఓ అరగంట.”

“మరి ఆ అరగంట పనికి నేను, అత్తమ్మ నిన్నటి సంది ఈడ ఎందుకు కూసున్నం?”

కందిపప్పు ఏరుతున్న మా అత్తమ్మ అన్నపూర్ణ చేట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఈ లెక్క ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదంది. వంటవాళ్లను మాట్లాడమని కొడుకుతో చెప్పింది.

“గిప్పటికిప్పుడు వంటోళ్లు ఊరికే వస్తరా అమ్మా?”

“ఊరికే వచ్చేది మేమిద్దరమే బిడ్డా,” అంది అత్తమ్మ.

మా ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, వంటవాళ్లకు ఫోన్ చేయడానికి లేచారు. నేను చేతులు కడుక్కుని ప్రొఫెసర్ గారికి ఫోన్ కలిపాను.

“సార్, మా ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. నేను వచ్చేదాకా నా కెమెరాను ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి.”