నకలు ఊళ్ళో మనుషులు

"మాట్లాడుతుంటే ఫోన్ కట్ చేసే అలవాటు ఎప్పుడొచ్చింది నీకు?" అన్నారు మా ఆయన, నేను చెప్పులు కూడా విప్పకముందే. ఒక చేతిలో కూరగాయల సంచీ, ఇంకో చేత్తో అత్తయ్య మోచెయ్యి పట్టుకుని ఉన్నాను. నేను కట్ చెయ్యలేదు. ఆవిడ మోకాలి వైద్యానికి రోజూ వెళ్ళే క్లినిక్ మలుపులో లైను దానంతటదే పోయింది. ఫోన్లు అలా తెగకుండా చూడడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ మాటకు ఒళ్ళు మండింది.

మనిషి నడుస్తుంటే అతని ఫోన్‌ను ఒక టవరు వదిలేలోగా ఇంకోటి అందుకోవాలి. అది ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడానికి మా ఆఫీసులో కంప్యూటరు లోపల ఊరికి నకలు కట్టాం. అవే వీధులు, అవే టవర్లు. అందులో తిరిగే మనుషుల్ని ఏఐ పుట్టిస్తుంది. నకలు ఊళ్ళో అంతా భేషుగ్గా ఉండేది. అసలు ఊళ్ళో జనం మమ్మల్ని తిట్టిపోసేవారు.

మర్నాడు పంతం పట్టి ఆ నకలు మనుషుల వెంట పడ్డాను. అందరూ మహారాజులే. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి, ముక్కుకు సూటిగా. ఒక్కరూ బడి గేటు దగ్గర ఆగరు. మందుల చీటీ మరిచిపోయామని వెనక్కి రారు. పక్కన నడిచే ముసలావిడ కోసం అడుగు తగ్గించరు. మా ఇంట్లో ఒకాయన ఉన్నారు, అచ్చం ఇలాగే.

నాలాంటి వాళ్ళను పుట్టించమని ఏఐకి చెప్పాను. ఆగేవాళ్ళు, చుట్టు తిరిగేవాళ్ళు, ఒక్క దారిలో నాలుగు పనులు చక్కబెట్టుకొచ్చేవాళ్ళు. అంతే, నకలు ఊళ్ళోనూ క్లినిక్ మలుపులో ఫోన్లు టపటపా తెగాయి. అక్కడ నెమ్మదిగా నడిచేవాళ్ళ ఫోన్లను రెండు టవర్లూ ఒకదాని మీదికి ఒకటి తోసుకుంటున్నాయి. అందుకున్న టవరు ఫోన్‌ను వెంటనే వదిలెయ్యకుండా కాసేపు పట్టి ఉంచేలా మార్చాను. తెగడం ఆగింది. కుర్చీలోంచి లేచి గంతెయ్యాలనిపించింది.

"బ్రహ్మాండం అమ్మా," అన్నాడు మేనేజరు. "రేపు సాయంత్రం మీటింగులో డైరెక్టర్లకు ఇదంతా నీ పక్క సీటతను చెప్తాడులే. నీకు ఇంటికెళ్ళే తొందరుంటుందిగా. నువ్వు రాసిచ్చెయ్, చాలు."

ఇంట్లో చెబితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "పోనీలే, మంచిదేగా. అమ్మను క్లినిక్‌కు కూడా తీసుకెళ్ళాలి నువ్వు."

పోనీలే. ఈ ఇంట్లో పోయేది ఎప్పుడూ నాదే. ప్రమోషన్ పోనిచ్చాను, వేరే ఊళ్ళో శిక్షణ పోనిచ్చాను, ఆదివారాలు పోనిచ్చాను. ఇక పోనివ్వడానికి మిగిలింది నా తెలివి ఒక్కటే.

పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాను. "నేను రాసివ్వను సార్. నేనే చెప్తాను." అతను నోరు తెరిచేలోపు నా సీటుకు వచ్చేశాను.

అప్పుడు ఇంకో మనిషిని పుట్టించమని ఏఐని అడిగాను. ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరి, తల్లిని క్లినిక్‌కు నడిపించుకెళ్ళే కొడుకు. అలాంటివాళ్ళు ఊరి జనం రాకపోకల సమాచారంలో దాదాపు లేరు, ఊహించి తయారుచెయ్యమంటారా అని అడిగింది.

జవాబివ్వకుండా మా ఆయనకు ఫోన్ చేశాను. "ఇవాళ అత్తయ్యను మీరు తీసుకెళ్ళండి. నాకు మీటింగుంది."

"నాకు ఆఫీసు ఉంది కదా?"

"నాకూ ఉంది," అని పెట్టేశాను. ఈసారి నేనే కట్ చేశాను.

తర్వాత ఏఐకి జవాబు టైపు చేశాను. "ఊహించక్కర్లేదు. అసలు మనిషిని పంపిస్తున్నాను."