తుపాకీకి మూడు కాళ్లు

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో వెంకటరాజుగారికి కుడి భుజం పట్టేసింది. తుపాకీ ఎత్తితే చెయ్యి వణికేది. వైద్యుడి దగ్గరికి పోవలసిన మనిషి కాట్రేనికోన రేవులో నా పడవ దగ్గరికి వచ్చారు. ఏరు సముద్రంలో కలిసే మొగలో, నీళ్ల మధ్య దిబ్బ మీద, సరుగుడు తోటలో జింకలు తిరుగుతున్నాయని ఎవరో ఆయన చెవిన వేశారట.

"తుపాకీ ఆనించుకోడానికి మూడు కర్రలు కావాలిరా సత్తియ్యా. పైన కలిపి కడితే నా భుజమంత ఎత్తుకి రావాలి. జింకని నువ్వే చూపించాలి" అన్నారు.

"ఆయ్" అన్నాను. పెద్దవాళ్ల ముందు మా నోటికి ఇంకో మాట రాదు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాలుగు రోజులు వల ముట్టకుండా కర్రల కోసం తిరిగాను. సరుగుడు కర్రలు తెస్తే ఊగుతున్నాయన్నారు. మడచెట్ల కర్రలు తెస్తే బరువన్నారు. వెదురు కొట్టుకొస్తే, "పచ్చివిరా, వంగిపోతాయి" అని విసిరేశారు. ఆయన పట్టిన తప్పుల్లో అబద్ధమేమీ లేదు. వేట తెలిసిన మనిషే. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది.

అయిదోనాడు పొద్దున్నే పోటు మీద దిబ్బకి చేరాం. అన్ని రకాల కర్రలూ పడవలో వేసుకొచ్చాను. "మీరు చూసుకుంటూ ఉండండి, నేను అడుగులు వెతికొస్తానండి" అని తోటలోకి వెళ్లాను. ఇసకలో జింక అడుగులు దొరికాయి, తడి ఆరనివి. సంతోషంగా తిరిగొచ్చాను.

రాజుగారు నా గెడని మూడు ముక్కలు చేశారు.

పడవ తోసే గెడ. గోదావరి మీద తెప్పలు కట్టి దింపిన వెదుళ్లలో మా అయ్య రోజంతా ఏరి తెచ్చినది. కొస చీలిపోకుండా ఇనప పొన్ను తొడిగించాడు. ఇరవై ఏళ్లు ఆయన చేతులూ నా చేతులూ రాసి రాసి అది అద్దంలా నునుపెక్కింది. పండగనాడు పడవకి పసుపు రాస్తే గెడకీ రాస్తాం. ఇంట్లో ఎవరమూ దాన్ని దాటం. నా కత్తితోనే నరికి, నా తాడుతోనే పైన కలిపి కట్టి, రాజుగారు తుపాకీ ఆనించి చూసుకుంటున్నారు.

"ఇంత మంచి కర్ర దగ్గరుంచుకుని నాలుగు రోజులు చెత్త తెచ్చేవేంట్రా! చూడు, పిసరు కదలట్లేదు."

ఆ కత్తి ఆయన చేతిలో ఉండబట్టి సరిపోయింది. నా చేతిలో ఉంటే ఏం చేసేవాణ్ణో.

ముందు నేను, వెనక ఆయన, తోటలో వంగి నడిచాం. తోట చివర జింక నిలబడి మేస్తోంది. రాజుగారు కర్రలు నాటి తుపాకీ ఆనించారు. చెయ్యి వణకలేదు. మా అయ్య గెడ ఆయన్ని నిలబెట్టింది.

"కర్ర కాలు ఇసకలో దిగబడకుండా పట్టుకో. పట్టేవా?" అని గుసగుసగా అడిగారు.

"ఆయ్!" అని అరిచాను, అవతలి ఒడ్డుకి వినిపించేలా.

జింక ఒక్క గెంతులో మాయమైంది. తుపాకీ పేలింది గానీ సరుగుడాకు మాత్రం రాలింది.

"బుద్ధుందా నీకు?" అని రాజుగారు ఊగిపోయారు. "పద, పడవ తియ్యి!"

"దేంతో తియ్యమంటారండీ?"

ఆయన మూడు కాళ్ల వైపు చూశారు. అప్పటిగ్గానీ ఆయనకి తట్టలేదు. తెచ్చిన కర్రలన్నీ భుజమంత ఎత్తువే, పాయలో అడుగుకి అందవు. ఆటు తీసి నీళ్లు తగ్గేదాకా ఎండలో కూర్చుని, మొలలోతు నీళ్లలో ఇద్దరం పడవని తోసుకొచ్చాం. బురదలో ఆయన చెప్పు ఒకటి పోయింది. నాకు చాలలేదు.

"కొత్త గెడ పంపిస్తాలేరా" అన్నారు రేవులో.

"అక్కర్లేదండి" అన్నాను. ఆయనకి ఎదురు చెప్పడం నాకదే మొదలు.

ముక్కలు భుజాన వేసుకుని ఇంటికొచ్చి గుమ్మం ముందు పడేశాను. నా భార్య మంగాయమ్మ నీళ్ల బిందెతో వచ్చి వాటిని చూసి ఆగిపోయింది. ముక్కల్ని దాటలేక ఇంటి చుట్టూ తిరిగి దొడ్డి తలుపులోంచి లోపలికెళ్లింది.