డిస్కులో పెద్దసారు చోటు

ఉద్యోగులందరి సర్వీసు వివరాలున్న ఫైలుకి ‘టెంప్’ అని పేరు పెట్టింది బాబాయి. ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు, ఆఫీసు పెద్ద కంప్యూటరుండే మెయిన్‌ఫ్రేమ్ గదిలో ముప్పయ్యేళ్లుగా ఆపరేటరు. ప్రస్తుతానికి ఇలా తాత్కాలికంగా ఉంచి, రెండ్రోజుల్లో మంచి పేరు పెడదామనుకున్నాడట. ఆ రెండ్రోజులు ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉన్నాయి.

తనిఖీకి పైనుంచి మనుషులొస్తున్నారని తెలిసి పెద్దసారు ఆ గదిలోకి అడుగుపెట్టాడు. డిస్కు నిండిపోవచ్చిందని వినగానే, టెంప్ అని ఉన్నవన్నీ తీసి పారెయ్యమన్నాడు. ఆ రోజు బాబాయి సెలవు. కుర్చీలో ఉన్నది చిట్టి. ఆమె ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుంది, ఉద్యోగం ఖాయం కావాలంటే పెద్దసారు సంతకం కావాలి. ఆ సంతకాన్ని తలుచుకుంటూ చిట్టి కమాండు కొట్టింది. నాలుగువందల పన్నెండుమంది ఒక్క దెబ్బకి మాయం.

రోజూ టేపు మీదికి నకలు తీసే ప్రోగ్రాము ఉంది కదా అంటే, అదీ తెలివైనదే. టెంప్ అన్న పేరు కనబడితే చెత్త అనుకుని దాటేస్తుంది.

మర్నాటికి పెద్దసారుకి తను ఏమన్నాడో గుర్తులేదు. ‘ఒకసారి చూడండి’ అన్నానంతే అన్నాడు. నోటిమాటకి ఏ టేపు మీదా నకలుండదు.

సెలవు ముగించుకొచ్చిన బాబాయి చిట్టి మొహం చూసి నవ్వాడు.

“పోలేదే పిచ్చిమొహమా. పుస్తకంలో విషయసూచిక చించేశావు, అంతే. పేజీలన్నీ లోపలే ఉన్నాయి. వాటి మీద ఎవడూ కొత్తగా గీకకుండా చూసుకో, ఒక్కొక్కటే ఏరుకుందాం.”

చిట్టి పరుగున వెళ్లి, రెండ్రోజులు ఆ డిస్కులో ఎవరూ ఏమీ దాచకూడదని పెద్దసారుకి చెప్పింది. ఆయన గంభీరంగా తలాడించాడు. ఇంత ముఖ్యమైన విషయం అన్ని విభాగాలకీ తెలియాలి కదా అని, ‘ఈ డిస్కులో ఎవరూ ఏమీ రాయరాదు’ అంటూ ఒక సర్క్యులర్ టైపు చేయించి, ఆ డిస్కులోనే భద్రంగా దాయించాడు. చెయ్యి ఎలాగూ తడిసింది కాబట్టి, నీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పమని చిట్టికొక మెమో కూడా అక్కడే చేర్పించాడు.

బాబాయీ చిట్టీ రెండు పగళ్లు డిస్కుని ట్రాకు తర్వాత ట్రాకుగా చదువుతూ, దొరికిన మనిషినల్లా వేరే డిస్కులోకి ఎక్కించారు. గుమాస్తాలు దొరికారు, డ్రైవర్లు దొరికారు, ఎప్పుడో మానేసిన వంటమనిషి కూడా దొరికింది. లెక్క నాలుగువందల పదకొండు దగ్గర ఆగింది.

ఆ మిగిలిన ఒక్కరిదీ మామూలు రికార్డు కాదు. ప్రమోషన్లూ ప్రశంసాపత్రాలూ కలిపి ఒక ట్రాకంతా తనే పరుచుకుని కూర్చున్న రికార్డు. ఇప్పుడా చోట్లో, ‘మీ అజాగ్రత్త వలన సంస్థకు వాటిల్లిన నష్టమునకు’ అని మొదలైన వాక్యం తాపీగా నడుస్తోంది.

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“పెద్దసారు మెమో పెద్దసారునే మింగేసింది. అమ్మడూ, ఉద్యోగంలో లేని మనిషికి జవాబు ఎలా రాస్తావే?”

చిట్టి నవ్వబోయి ఆగింది. ఉద్యోగంలో లేని మనిషి సంతకాన్ని మెషీను ఒప్పుకోదు మరి.

మధ్యాహ్నానికి పెద్దసారే దిగి వచ్చాడు. తన తలుపు కార్డు పనిచెయ్యడం లేదట. ఆ గదిలో ఎప్పుడూ కూర్చోని మనిషి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“అమ్మా, నాది కూడా కాస్త ఎక్కించేస్తే...”

“నోటిమాట మీద ఇంకేం చెయ్యను సార్. రాసివ్వండి. ఆ రోజు ఏం తీసెయ్యమన్నారో కూడా అందులోనే రాయండి.”

ఆయన బాబాయి వైపు చూశాడు. బాబాయి పెన్ను అందించాడు.

కాగితం ఫైల్లో పడ్డాక చిట్టి ఆయన పాత సర్వీసు పుస్తకం తెప్పించి, వివరాలన్నీ ఒక్క అక్షరం పోకుండా ఎక్కించింది. సాయంత్రానికి మెమో రద్దయింది, ఆమె ఉద్యోగం ఖాయమైంది.

డిస్కు నుంచి ఏరినవి కాక, కొత్తగా టైపు చేసి ఎక్కించిన ప్రతి రికార్డులోనూ మెషీను ఒక గడిని తనంతట తనే నింపుతుంది: ప్రొబేషన్, ఒక ఏడాది. దాన్ని ఎలా మార్చాలో చిట్టికి తెలుసు. కానీ ఆ సంగతి ఎవరూ రాసివ్వలేదు.