మిగిలిన నాలుగు నిమిషాలు

నాలుగోసారీ తెర మీద ఎనిమిదే వచ్చింది. లజ్‌హర్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అరవైని ఏడుతో భాగిస్తే ఎనిమిది, సరే. మిగిలిన నాలుగూ ఏ గంగలో కలిసినట్టు?

ఎడారి అంచు ఊరు తోజర్‌లో, ఖర్జూర తోటల నీటి సంఘంలోనే అతని జుట్టు నెరిసింది. ఒంటి మనిషి, వంగిన వీపు, మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులు. ఇదివరకు కాలవ తలుపులు మనుషులు ఎత్తేవారు. గంట నీరు ఏడు తోటలకు వరసగా పంచగా మిగిలింది ఆఖరి తోటది. ఎవరూ రాసిపెట్టని ఆచారం అది. ఇప్పుడు తలుపులు ఎత్తేది కంప్యూటరు. రాజధాని నుంచి వచ్చి దానికి ప్రోగ్రాం రాసినవాళ్ళు పూర్ణసంఖ్య ఉంచుకుని శేషాన్ని పారేశారు. దాంతోపాటు ఆ నాలుగు నిమిషాల నీళ్ళూ మురుగు కాలవ పాలవుతున్నాయి.

ఆఖరి తోట మబ్రూకాది. ఆ ముసలావిడ ప్రతి వంతుకీ వచ్చి తగువు పెట్టుకుంటుంది. ఇవాళా వచ్చింది.

"చివరి వరస చెట్లు మాడిపోతున్నాయిరా. నీ పెట్టెకి లెక్కలు రావా?"

"వచ్చు అత్తా. మిగిలింది ఎవరిదో దానికి తెలీదు, అంతే."

"నీకు తెలుసుగా. మరి చెప్పి ఏడవ్వేం?"

చెప్పే అధికారం అతనికి లేదు. వేసవంతా అడుగుతూనే ఉన్నాడు. రాజధాని నుంచి సంతకం రావాలంటాడు అధికారి మొన్సెఫ్. నాలుగు నిమిషాలకే కొంప మునగదంటాడు. మునగదు, ఎండుతుంది. లజ్‌హర్‌కు ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది, దానికి తోడు ఇదొకటి. మొన్సెఫ్ భోజనానికి లేవగానే ఎవరినీ అడక్కుండా ప్రోగ్రాంలో ఒక్క వరస చేర్చాడు: భాగించగా మిగిలింది ఆఖరి తలుపుకు.

మధ్యాహ్నం వంతుకు తనే ఆ తోటకు నడిచి వెళ్ళాడు. నెర్రెలిచ్చిన పిల్లకాలవలో చెప్పులు విడిచి, గట్టు మీద కూర్చుని చెట్టుకు వీపు ఆనించాడు. మబ్రూకా టీ తెస్తానని పాకలోకి వెళ్ళింది. ఎప్పుడూ ఆగిపోయే చోట నీరు ఈసారి ఆగలేదు.

ఆమె గ్లాసుతో వచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. కునుకు తీశాడనుకుంది.

"లేవరా, నీళ్ళొచ్చాయి."

భుజం పట్టి కుదిపాక అర్థమైంది. పక్కనే కూలబడింది. ఇప్పుడే ముంచుకొచ్చిందా నీకు తొందర అని తిడుతూ ఏడ్చింది.

నీరు తన నాలుగు నిమిషాలూ పారి ఆగింది. అరిగిన రబ్బరు చెప్పు ఒకటి దాంతోపాటు తేలుతూ వెళ్ళి, ఆఖరి ఖర్జూరం పాదులో తడిమట్టికి ఆనుకుని ఉంది.