గాలిబుడగకి దారి

దగ్గరికి జరగండర్రా, గొంతు పెంచి చెప్పే కథ కాదిది. మా ఆడపడుచు తలవంపుల కథ.

ఎవరైనా కొత్త పరికరం చేసి పేటెంటు తెచ్చుకున్నారనుకోండి. "ఇందులో ఏముంది, పని తెలిసిన ఎవరికైనా తట్టేదే, రద్దు చెయ్యండి" అని ఇంకొకళ్ళు పేచీ పెడతారు. ఔనో కాదో తేల్చడం ఆవిడ ఉద్యోగం. అంతకుముందు రక్తపరీక్షల ల్యాబులో ఏళ్ళ తరబడి చేసింది కాబట్టే ఆ కుర్చీ ఇచ్చారు.

ఓసారి అరచేతిలో ఇమిడే రక్తపరీక్ష పెట్టె ఒకటి విచారణకొచ్చింది. రక్తం పోయే సన్నగొట్టంలో గాలిబుడగ చిక్కితే ఫలితం తప్పొస్తుంది. అందుకని గొట్టం కొసన సూదిమొనంత బెజ్జం పెట్టి, గాలిని వదిలి రక్తాన్ని ఆపే పల్చటి పొర అంటించారు. అంతే.

మా ఆడపడుచు కాగితాల్లో దాని బొమ్మ చూసి పకపకా నవ్వింది. "ఇదీ ఒక కనిపెట్టడమేనా అన్నయ్యగారూ? ఆవిరి పోవాలంటే మూత ఓరగా పెట్టాలని ఎవరికి తెలీదు!"

"అయితే కొట్టేద్దామంటావా తల్లీ?" అన్నాడు, ఆవిడ అన్నయ్యగారూ అని పిలిచే తోటి అధికారి.

"కొట్టెయ్యకపోతే జనం మనల్ని చూసి నవ్వుతారు."

తలుపు బార్లా తీసుంది. బయట బల్ల మీద ఆ పెట్టె చేసినావిడ కూర్చుని ఉంది. పేటెంటు పోతే పేచీ పెట్టిన పెద్ద కంపెనీ రేపే అదే పెట్టె చేసి అమ్ముకుంటుంది, చేసినావిడ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. లోపలి మాటలన్నీ విన్నది, తల దించుకుంది.

విచారణ మొదలైంది. పోల్చి చూద్దామని మా ఆడపడుచు పాతరకం పెట్టె తీసి రంగునీళ్ళు పోసింది. బుడగ చిక్కింది. చెయ్యి దానంతటదే లేచి గోటితో టక్కుటక్కున కొట్టింది. బుడగ కదల్లేదు. పెట్టెని వంచి మళ్ళీ కొట్టింది.

"అమ్మా, మీరూ ల్యాబులో చేశారా?" అంది పెట్టె చేసినావిడ.

"చేశాను."

"ఇలాగే కొట్టేవారా?"

"అందరం అంతే. గోళ్ళు అరిగేలా."

"మరి బెజ్జం పెట్టాలని ఎవరికీ తోచలేదామ్మా?"

దెప్పడం కాదర్రా, నిజంగానే అడిగింది. మా ఆడపడుచుకి తల కొట్టేసినట్టయింది. బుడగ వల్ల ఫలితం తప్పొచ్చి, ఏడ్చే పసివాళ్ళకి మళ్ళీ సూది గుచ్చిన రోజులు కళ్ళముందు తిరిగాయి. "ఏం చేస్తామమ్మా, దీనికింతే" అని ఎందరు తల్లులకి చెప్పిందో! విప్పేసిన పొడుపుకథ అందరికీ తేలికే.

"ఏదో అడిగింది, వదిలెయ్. అనుకున్నదే రాసేద్దాం" అని గొణిగాడు అన్నయ్యగారు.

ఈవిడ కంపెనీ వకీలు వైపు తిరిగింది. "మీవాళ్ళలో ఎవరికైనా ఇది ముందే తట్టిందా? చూపించండి." ఆయన చూపించిన పాత పెట్టెల్లో ఒక్కదానికీ బెజ్జం లేదు.

"పొద్దున నేను నవ్వాను," అంది అందరూ వినేలా. "జవాబు చూశాక నవ్వాను. చూడకముందు ఇన్నేళ్ళూ నా బుర్రకే తట్టలేదు. ఈ పేటెంటు నిలుస్తుంది."

చివరికి అన్నయ్యగారూ సంతకం పెట్టాడు. గెలిచినావిడ మాట్లాడబోతే మా ఆడపడుచు మొహం చూపించలేక పక్క గదిలోకి వెళ్ళిపోయింది. "భూమి చీలితే బాగుండనిపించింది వదినా" అంది నాతో.

గుర్తుపెట్టుకోండర్రా, పదిమందికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆవిడ గొప్పగా న్యాయం చేసిందని మాత్రం చెప్పకండి. సిగ్గుపడిందని చెప్పండి. అలాగే చెప్పమంది.