తోటికోడలి అదృష్టం

నాకు అసాండా అంటే కుళ్లు. దాచుకోవడం నాకు చేతకాదు. అది నా తోటికోడలు. దాని మొగుడి పేరు లుబబాలో, నా మొగుడి పేరు వూయిసిలే. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లే, ఒకే రగ్బీ జట్టులో జీతానికి ఆడేవాళ్లే. కానీ లుబబాలో ఆడేది వింగ్‌లో. అంచున నిలబడి, బంతి అందగానే పరుగెత్తి, గీత అవతల నేలకి ఆనించి ట్రై కొట్టి, చొక్కా నలక్కుండా ఇంటికొస్తాడు. మా ఆయన స్క్రమ్‌లో ముందు వరస. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది తలలు దూర్చి తోసుకుంటుంటే ఆ బరువంతా పడేది ఆయన మెడ మీదే. పన్నెండేళ్లుగా మోస్తున్నాడు, ఒక్క ట్రై కొట్టింది లేదు.

మా జ్విదే పేట బస్టాపు గోడ మీది ప్రకటనలో సబ్బు పట్టుకుని నవ్వేది లుబబాలో. మా ఆయన చెవులు నలిగి నలిగి నూనెలో వేయించిన పిండిముద్దల్లా అయ్యాయి, ఆయన్ని సబ్బు పట్టుకోమనేదెవరు? రేడియోలో మరిది పేరు పాటలా సాగదీస్తారు. మా ఆయన పేరు వినపడేది తప్పు చేసినప్పుడే.

ఈ ఏడాదితో ఇద్దరి కాంట్రాక్టులూ అయిపోతున్నాయి. క్లబ్బు దగ్గర డబ్బు లేదు, ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతారని ఊరంతటికీ తెలుసు. ఆ ఒక్కడు తన మొగుడే అనుకుని అసాండా అప్పుడే కొత్త సోఫాలు చూస్తోంది.

ఆఖరి మ్యాచ్‌కి ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. గీతకు రెండడుగుల దూరంలో బంతి మా ఆయన చేతికొచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన తల కూడా తిప్పకుండా పక్కనున్న తమ్ముడికి అందించాడు. లుబబాలో తాపీగా వెళ్లి ట్రై పెట్టాడు.

"బావగారు బంగారం అక్కా," అంది అసాండా.

"తెలుసు, నీ మెళ్లోనే వేసుకున్నావుగా," అని దుప్పటి మొత్తం నా వైపు లాక్కున్నాను.

ఇంటికొచ్చాక ఆయన్ని నిలదీశాను. "ముందుకి పడితే సరిపోయేది కదయ్యా. వాడికెందుకిచ్చావు?"

"నా మీద ఇద్దరు పడున్నారే. వాడు ఖాళీగా ఉన్నాడు."

"వాడెప్పుడు ఖాళీగా లేడు?"

మంగళవారం కోచ్ ఇద్దర్నీ పిలిచాడు. ఉంచింది మా ఆయన్ని, ఇంకో రెండేళ్లకి. పరుగెత్తే కుర్రాళ్లు వీధికి పదిమంది ఉన్నారట, స్క్రమ్ మోసేవాడు మాత్రం దొరకడట. నేను పెళ్లిళ్లకు కట్టుకునే తలగుడ్డ కట్టుకుని, మాంసం వండి గిన్నె పట్టుకుని అసాండా ఇంటికి వెళ్లాను. ఓదార్చడానికి కాదు, అది ఏడుస్తుంటే చూడ్డానికి.

దాని కళ్లు వాచి ఉన్నాయి. "నువ్వు అదృష్టవంతురాలివక్కా. ఈయనింక బడి పిల్లలకి ఆట నేర్పుకుంటాడట. సాయంత్రానికల్లా ఇంట్లోనే."

పెరట్లో లుబబాలో కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని తిరుగుతున్నాడు. ఆ పిల్ల వాడి చెవులు పట్టుకుని ఎటు లాగితే అటు మెడ తిప్పుతున్నాడు. ఇటు, అటు, మళ్లీ ఇటు. బస్టాపు గోడ చూసినప్పుడు కూడా నాకంత మండలేదు. గిన్నె అక్కడే పెట్టేసి వచ్చేశాను.

మా ఆయన వంటింట్లో టీ తాగుతున్నాడు. వెనక నుంచి "ఏమయ్యా" అని పిలిచాను. కప్పు కింద పెట్టి, బల్ల పట్టుకుని లేచి, మెడ ఒక్కటీ తిరగక మనిషి మనిషంతా నా వైపు తిరిగాడు.

"ఏడ్చిందా?" అన్నాడు నవ్వుతూ.

"ఏడ్చింది," అన్నాను. తమ్ముడి మెడ సంగతి చెప్పలేదు.