ఎనిమిది కిలోమీటర్ల అబద్ధం

నేను ఒక వ్యాయామ సైకిల్‌ని. ఎంత తొక్కినా గుమ్మం దాటని జాతి మాది. లూథియానాలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అక్కడ నన్ను పరీక్షించిన కార్మికుడు గంటసేపు ఆపకుండా తొక్కాడు. అంత నిజాయితీగా తొక్కిన మనిషి మళ్ళీ నాకు తగల్లేదు.

గుంటూరులో రామలింగస్వామిగారి ఇంటికి వచ్చాను. ఆయన ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. షుగరు మనిషి. "అరికాళ్ళు అప్పుడే మొద్దుబారుతున్నాయి మాస్టారూ. రోజూ అరగంట ఒళ్ళు వంచకపోతే రేపు కాలే తీసెయ్యాల్సి వస్తుంది" అన్నాడట డాక్టరు. అది విన్న భార్య హైమవతి పట్టుబట్టి నన్ను కొనిపించింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. నిమ్మకాయలు తొక్కించడానికి నాకు నేలమీద చక్రాలు లేవు కాబట్టి వాటిని నా ముందు పెట్టి ఊరుకుంది.

మొదటి వారం మాస్టారు బాగానే తొక్కారు. రెండో వారం కాలేజీలో స్లిప్ టెస్టులు మొదలయ్యాయి. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, సాయంత్రం ఏడింటికి ఇల్లు, చంకలో పేపర్ల కట్ట. మార్కులు తగ్గితే ప్రిన్సిపాల్ పిల్లల ముందే కడిగేసేవాడట. ఇంటికొచ్చేసరికి మనిషి పిండేసిన గుడ్డలా ఉండేవారు. నాకు జాలేసేది. పది నిమిషాలు తొక్కినా చాలు కదా అనుకునేదాన్ని. అరగంట కుదరనప్పుడు అసలు ఎక్కడం దేనికని ఆయన వాదం.

"ఏమండీ, ఎక్కారా?" అని వంటింట్లోంచి కేక వచ్చేది.

"ఆఁ, ఎక్కానే!"

ఎక్కేవారు కాదు. నా పక్కన కుర్చీ వేసుకుని, కుడిచేత్తో పేపర్లు దిద్దుతూ ఎడంచేత్తో నా పెడల్ తిప్పేవారు. ఆ గరగర వింటూ ఆవిడ నిశ్చింతగా చపాతీలు కాల్చుకునేది. పరీక్షలో పక్కవాడి పేపర్లోకి తొంగిచూసిన పిల్లల్ని బయటికి గెంటే మాస్టారండీ ఈయన!

తిప్పేది చెయ్యో కాలో నా మీటరుకి తెలియదు. "రోజూ ఎనిమిది కిలోమీటర్లు తొక్కుతున్నారండీ" అని హైమవతి డాక్టరుకి గర్వంగా చెప్పిందట. అంత తొక్కినా షుగరు దిగలేదంటే మందు చాలడం లేదని ఆయన మాత్రలు పెంచాడు. మాస్టారు నిజం చెప్పకుండా ఆ మాత్రలూ మింగారు.

మే నెలలో కాలేజీవాళ్ళు లెక్చరర్లను అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పారు. కొత్త బూట్లు, మండుటెండ. "రోజంతా నడిచాను, ఇంకేం వ్యాయామం?" అని ఆయన నా పెడల్ తిప్పడం కూడా మానేశారు. అరికాలికి బొబ్బలేచి చితికింది. మొద్దుబారిన కాలికి నొప్పి తెలియలేదు. సాక్సు తడిస్తే చెమట అనుకున్నారు. వాసన వచ్చాక ఆసుపత్రికి పరిగెత్తారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

ఆయన ఇంటికి వచ్చిన రోజు హైమవతి నా ముందు కూలబడింది.

"అలిసిపోయి వచ్చినా వినకుండా నేనే రోజూ దీనిమీద ఎక్కించాను. ఆ తొక్కుడుకే కాలు చెడింది. చేజేతులా నేనే పోగొట్టానండీ" అని తల బాదుకుంది.

నాకు నోరు లేనందుకు ఆ రోజు ఏడ్చినంతగా ఎప్పుడూ ఏడవలేదు. మాస్టారు కుర్చీలోనే ఉన్నారు. ఆవిడ వైపు చూశారు, నావైపు చూశారు. చెప్పండి మాస్టారూ, ఒక్క మాట చెప్పండి అని వేడుకున్నాను.

ఆయన నోరు తెరిచారు. "ముందు దాన్ని ఇంట్లోంచి పంపించెయ్యి" అన్నారు.

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్టు వెనక, విరిగిన కూలర్ల మధ్య పడి ఉన్నాను. తుప్పు నన్ను నెమ్మదిగా తింటోంది. దానికి నాకేం బాధ లేదు. ఆ ఇంట్లో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకర్ని తోపుడుబండి ఎక్కించేశారు. రెండోవారు ఆవిడ కలిపి పెట్టే అన్నం తింటూ, తప్పంతా నాదేనండీ అని ఆవిడ ఏడుస్తుంటే వింటూ ఉంటారు.